మీగడ రంగు కార్పెట్టు

ఉదయ్‌కుమార్ అంటే నాకు కుళ్ళని కాకినాడలో చాలామంది అనుకుంటున్నారు. అనుకోనివ్వండి. వాడంటే నాకు చిరాకు. వాడి బోర్డు చూస్తే తలనొప్పి. వాడి పేరు ఎవరైనా మెచ్చుకోలుగా పలికితే ఆ పూట నాకు అన్నం సయించదు. కుళ్ళు మాత్రం కాదు. ఈ మాటే మా ఆవిడ మెర్సీతో అన్నాను.

"మరి భానుగుడి సెంటర్ మీంచి వెళ్ళకుండా రోజూ అంత చుట్టు తిరిగి ఎందుకెళ్తున్నారండి?" అంది.

భానుగుడి సెంటర్లో వాడి బోర్డు ఉంది. దాని మీద కోటు వేసుకుని, బొటనవేలు పైకెత్తి, పళ్ళన్నీ కనిపించేలా వాడి ఫొటో. కింద 'మీ కార్పెట్లు, సోఫాలు రెండే గంటల్లో తళతళ!' అని రాసి ఉంటుంది. నా దగ్గర పనిచేసిన నాలుగేళ్ళూ వాణ్ణి మోకాళ్ళ దాకా మడిచిన తడి ప్యాంటులో తప్ప చూడలేదు నేను. ఆ కోటు ఎవరిదో అడగాలని ఇప్పటికీ ఉంది.

నా పేరు ఎజ్రా. ఈ ఊళ్ళో కార్పెట్లు కడగడం అనేది ఒక పని అని జనానికి తెలియని రోజుల్లోనే మొదలుపెట్టాను. మొదట ఒక హోటల్లో, తర్వాత సొంతంగా. నా పద్ధతి ఒకటే. ముందు దుమ్ము దులపాలి. తర్వాత ఒక్కో మరక దగ్గర కూర్చుని అదేంటో కనుక్కోవాలి. పల్చటి సబ్బు నీళ్ళతో కడిగి, ఉత్త నీళ్ళతో రెండుసార్లు జాడించి, డాబా మీద ఎండలో పరవాలి. ఇవాళ తీసుకెళ్తే ఎల్లుండి ఇస్తాను. సముద్రం పక్కనున్న ఊరు మనది, గాలిలోనే తడి ఉంటుంది. ఎండ చూడని కార్పెట్టు చుట్టి మూల పెడితే వారం తిరక్కుండా కంపు కొడుతుంది. చదరపు అడుగుకి పన్నెండు రూపాయలు తీసుకుంటాను. పదకొండున్నరకి చెయ్యను.

ఉదయ్ ఉప్పాడ వాడు. వాళ్ళ నాన్న పడవ అమ్మేశాక పని కోసం నా దగ్గరికి వచ్చాడు. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. "మేడం గారండి, సార్ గారండి" అంటూ కాఫీ ఇవ్వని ఇళ్ళలో కూడా టిఫిన్ పెట్టించుకునేవాడు. వాడికి అన్నీ నేర్పాను. పసుపు మరక ఒక్కటి తప్ప. పసుపు పడిన కార్పెట్టు వస్తే, "టీ తాగి రారా" అని వాణ్ణి పంపించి, నేనొక్కణ్ణే తలుపు దగ్గరికి వేసుకుని చేసేవాణ్ణి. పనిమంతుడి దగ్గర ఒక్కటైనా తనకే తెలిసింది ఉండాలి. అది పాపమేం కాదు.

పోయినేడు వాడు లోను మీద ఒక మిషను కొన్నాడు. ఒక గొట్టంలోంచి వేడినీళ్ళు కొడుతుంది, ఇంకో గొట్టంతో లాగేస్తుంది. పౌడరు దట్టంగా కలుపుతాడు కాబట్టి మురికి ఇట్టే వదులుతుంది. రేటు ఆరు రూపాయలు. నా రేటులో సగం! బ్యాంకులు వెళ్ళిపోయాయి, దంతాల డాక్టరు గారు వెళ్ళిపోయారు. చివరికి పిఠాపురం రోడ్డులో ఫంక్షన్ హాలున్న జానకిరామ్ గారు కూడా వెళ్ళిపోయారు. ఆ హాలు నాకు సగం సంపాదన. అంతకంటే ఎక్కువ, "ఎజ్రా గారొచ్చారు, అడ్డం లేవండి" అని జానకిరామ్ గారు పనివాళ్ళని కేకలేస్తుంటే నాకు బాగుండేది.

ఆయన దగ్గరికి వెళ్ళి అడిగాను.

"పొద్దున పెళ్ళి, సాయంత్రం ఇంకొకళ్ళ రిసెప్షనండి," అన్నారాయన. "మధ్యలో నాకు నాలుగు గంటలుంటాయి. మీ ఎండ కోసం పెళ్ళికొడుకుని ఆపమంటారా?"

ఇంటికొచ్చి మెర్సీకి చెప్పాను. మెర్సీ స్కూల్లో లెక్కల టీచరు. నా బాధ విని కూడా లెక్కే వేసింది.

"ఆరు రూపాయలకి పూటలో అయిపోతుంటే, పన్నెండిచ్చి రెండ్రోజులు ఎవరాగుతారండి? బ్యాంకుల్లో బూట్లతో తిరుగుతారు. వాళ్ళకి ఆ మాత్రం చాలు. మీరూ రెండు రేట్లు పెట్టుకోండి. తొందరగా కావాలన్నవాళ్ళకి ఒకటి, శుభ్రంగా కావాలన్నవాళ్ళకి ఒకటి."

"నేను రెండు రకాల పని చెయ్యను," అన్నాను.

"వాడు బాగానే చేస్తున్నాడంటున్నారండీ అందరూ," అంది. ఆ పూట కూడా అన్నం సయించలేదు.

ఆ నెలలోనే జానకిరామ్ గారి హాల్లో మెర్సీ స్కూలు హెడ్మాస్టరు గారి అబ్బాయి పెళ్ళి. పెళ్ళిళ్ళకి రమ్మంటే తప్పించుకునేవాణ్ణి, ఆ రోజు మెర్సీ కంటే ముందు తయారయ్యాను. గిఫ్టు ఇవ్వడానికి స్టేజీ ఎక్కాలి, ఎక్కేముందు చెప్పులు విప్పాలి. అదే నాకు కావలసింది. ఉత్త కాలితో, వాడు కడిగిన ఎర్ర కార్పెట్టు మీద నిలబడి, పాదం అదిమి, నెమ్మదిగా ఎత్తాను.

అతుక్కుంది.

ప్రాణం లేచొచ్చింది నాకు. ఇంకో కాలితో చూశాను. అదీ అతుక్కుంది. మిషను సబ్బునంతా లాగలేదన్నమాట. మిగిలింది నూలులోనే ఎండి జిగురైపోతుంది. వచ్చేపోయే దుమ్మంతా దానికే అంటుతుంది. నెల తిరిగేసరికి కార్పెట్టు కడగకముందు కంటే నల్లబడుతుంది. ఉదయ్‌గారి రెండు గంటల తళతళ రంగు ఇది! ఆ పెళ్ళి ఫొటో తర్వాత మెర్సీ ఫోన్లోకి వచ్చింది. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. నేనొక్కణ్ణి కిందకి, నా కాళ్ళ వైపు చూసుకుని నవ్వుతున్నాను.

ఇక నేను ఊరుకోలేదు. బ్యాంకు మేనేజరు గారికి చెప్పాను. దంతాల డాక్టరు గారికి చెప్పాను. ప్రార్థన అయ్యాక చర్చి బయట నిలబడి చెప్పాను. జానకిరామ్ గారికైతే మూడుసార్లు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ తర్వాత ఇంకో రెండు పెళ్ళిళ్ళకి వెళ్ళి, స్టేజీ ఎక్కి, తొక్కి చూసి, మళ్ళీ చెప్పాను. అందులో ఒక పెళ్ళికి నన్నెవరూ పిలవనే లేదు. వింటూ అందరూ తలూపేవాళ్ళు, కార్పెట్లు మాత్రం వాడికే వెళ్ళేవి.

తర్వాత జానకిరామ్ గారు స్టేజీకి కొత్త కార్పెట్టు తెప్పించారని తెలిసింది. హైదరాబాద్ నుంచి వచ్చిందట. మీగడ రంగు. చూసినవాళ్ళు చెబితే నాకు ఒళ్ళు మండింది. అటువంటి కార్పెట్టు మీద వాడా చెయ్యి వేసేది?

ఒక రెండో శనివారం మెర్సీ ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఫోన్ చూస్తూ, "మా స్కూలు లక్ష్మి గారి అక్కకూతురి హల్దీ అటండి, ఎంత బాగుందో చూడండి," అంది. చూశాను. పసుపు బట్టలేసుకున్న జనం స్టేజీ నిండా ఉన్నారు. పెళ్ళికూతురి నెత్తి మీద బిందెలతో పసుపు నీళ్ళు కుమ్మరిస్తున్నారు. ఒకళ్ళ మొహాలకి ఒకళ్ళు పులుముకుంటున్నారు. మా చిన్నప్పుడు పెళ్ళికూతురికి పసుపు రాయడమంటే పెరట్లో, పీట మీద. ఇప్పుడు స్టేజీ కావాలి, డీజే కావాలి. వాళ్ళందరి కాళ్ళ కిందా మీగడ రంగు కార్పెట్టు ఉంది.

"సాయంత్రం పెళ్ళికి ముందు రిసెప్షను కూడా అక్కడేనటండి," అంది మెర్సీ.

ముద్ద దించేశాను. నాలుగు గంటల్లో దాన్ని కడగాలి. వాడు పౌడరు పోస్తాడు. ఆ పౌడరు ఘాటు పసుపుకి తగిలిందంటే ఆ కార్పెట్టు ఇటుక రంగుకి తిరుగుతుంది. వాడికి తెలీదు. నేను చెప్పలేదు కాబట్టి తెలీదు.

"ఏంటండీ, ఒక్కరే నవ్వుకుంటున్నారు?" అంది మెర్సీ. చెప్పాను.

"ఫోన్ చేసి చెప్పండి వాడికి."

"నేనెందుకు చెప్పాలి? రెండు గంటల మొనగాడు కదా. తళతళలాడించమను."

"మీకు వాడి మీద కోపం ఉంటే ఉండనివ్వండి. ఆ కార్పెట్టు ఏం చేసిందండి మిమ్మల్ని?"

మెర్సీ ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకుంటుంది. చెయ్యి కడుక్కుని ఫోన్ చేశాను.

"ఒరేయ్ ఉదయ్, ఆ పసుపు మీద పౌడరు పొయ్యకు. ఎర్రబడిపోతుంది. ముందు వెనిగర్ నీళ్ళు కొట్టు, తర్వాత ఉత్త నీళ్ళతో లాగు. సాయంత్రానికి ఇంకేదైనా పరుచుకోమను. రెండు మూడు రోజులు మంచి ఎండలో పెడితే మిగిలిన పసుపు దానంతటదే పోతుంది."



"ఆయ్, రెండు మూడు రోజులాండి?" అన్నాడు.

వెనకనుంచి జానకిరామ్ గారి గొంతు వినిపించింది. "ఎవరది, ఎజ్రా గారా? ఎండలో పెట్టమంటున్నారా? అనకపోతే ఆశ్చర్యపోవాలి!" ఇంకెవరో కూడా నవ్వారు.

"ఉంటానండి గురువు గారండి," అని ఉదయ్ పెట్టేశాడు.

నాకు తల తిరిగిపోయింది. వాడు నాశనమైపోవాలని ఏడాదిగా కోరుకుంటున్న మనిషిని, తీరా నాశనమయ్యే రోజున నిజం చెబితే నవ్వుతారా? వెనిగర్ డబ్బా స్కూటర్ మీద పెట్టుకుని బయల్దేరాను. ఆ రోజు చుట్టు తిరగలేదు. భానుగుడి మీంచే వెళ్ళాను.

హాలు గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మిమ్మల్ని రానివ్వొద్దన్నారండి."

"ఎవరన్నారు?"

"ఓనరు గారేనండి. పెళ్ళిళ్ళలో కార్పెట్లు తొక్కి చూస్తున్నారంటగా మీరు."

పాపం, అతను మర్యాదగానే అన్నాడు. ఎండలో డబ్బా పట్టుకుని నిలబడ్డాను. లోపల మిషను మొదలైంది. ఇక చెయ్యగలిగింది లేదు. కాసేపటికి టక్కున ఆగింది. పని పూర్తయి ఆపిన మిషను అలా ఆగదు. ఆ వెంటనే లోపల అరుపులు. ఎవరో పరుగెత్తుకొచ్చి, నన్ను రమ్మంటున్నారన్నారు.

స్టేజీ మీద ఆ కార్పెట్టు చూశాను. నడిమధ్య చాప పరిచేంత మేర ఎర్రటి ఎరుపు. దాని పక్కన గొట్టం పట్టుకుని ఉదయ్ నిలబడ్డాడు, ముఖంలో నెత్తురుచుక్క లేదు. నాకు సంతోషం వేసింది. కార్పెట్టు చూసి బాధ కూడా వేసింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు.

జానకిరామ్ గారు నా మీదకి వచ్చారు.

"మీకు ముందే ఎలా తెలుసండి? ఎర్రబడుతుందని ఫోన్ చేశారు, ఎర్రబడింది. ఎవరిచేత ఏం కలిపించారు దీంట్లో?"

"నేనేం కలిపిస్తానండి? అది పసుపు..."

"ఆ డబ్బాలో ఏముంది?"

హాల్లో ఉన్నవాళ్ళందరూ నా చేతిలో డబ్బా వైపు చూశారు. వెనిగర్ అంటే ఎవరూ నమ్మేలా లేరు.

"ఏంటయ్యా ఈ గోల?" అని ఒక పెద్దావిడ గొంతు వినిపించింది. పెళ్ళికూతురి అమ్మమ్మ సంపూర్ణమ్మ గారు. బుగ్గల నిండా పసుపుతో ముందు వరస కుర్చీలో కూర్చుని ఉన్నారు. "పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అవదూ? దిష్టికి ఎర్రనీళ్ళు ఎలా కలుపుతారనుకున్నారు మీరంతా? ఆ అబ్బాయి సబ్బులో అలాంటి ఘాటేదో ఉండుంటుంది. పులుపు తగిలితే ఆ ఎరుపు విరుగుతుంది. నిమ్మకాయలు తెప్పించండి. పసుపంటారా, ఎండలో పడేస్తే అదే పోతుంది. మా చీరల మీద పడితే మేం చేసేదీ అదేగా."

జానకిరామ్ గారు నోరు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. ఇన్నేళ్ళు తలుపులేసుకుని, ఉదయ్‌ని టీకి తరిమి మరీ దాచుకున్న నా రహస్యాన్ని ఆవిడ కుర్చీలోంచి లేవకుండా, ఊరందరి ముందూ చెప్పేశారు. మా ఇళ్ళలో ఎర్రనీళ్ళ హారతి లేదు కాబట్టి అదేదో గొప్ప విద్య అనుకున్నాను. ఉదయ్ వాళ్ళమ్మని అడిగినా చెప్పేదేమో!

"డబ్బాలో వెనిగరేనాండి?" అని ఉదయ్ మెల్లగా అడిగాడు.

ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చున్నాం. నేను కొడుతుంటే వాడు లాగాడు. ఎరుపు చూస్తుండగా పసుపైంది, ఆ పసుపు కొంత పల్చబడింది. అంతకుమించి ఆ పూటకి కాదు. జానకిరామ్ గారు తల పట్టుకుంటే సంపూర్ణమ్మ గారు తేల్చేశారు. "పెళ్ళివారు నడిచే చోట ఆ మాత్రం పసుపు ఉంటే మంచిదేలే. ఇక కుర్చీలు వెయ్యండి."

జానకిరామ్ గారు నాకు సారీ చెప్పలేదు. కాఫీ తెప్పించారు.

బయట గొట్టాలు చుట్టుకుంటూ ఉదయ్ అన్నాడు. "ఫోన్లో మీరు చెప్పింది నిజమేననిపించిందండి నాకు."

"మరెందుకు పోశావురా?"

"ఆపేద్దామని జానకిరామ్ గారితో అన్నానండి. 'ఏడాదినుంచి ఆయన నీ మీద చెప్పేవి వింటూనే ఉన్నాను, ఇదీ అలాంటిదే, కానివ్వు' అన్నారు. ఇంకేం చెప్పనండి?"

నేను స్కూటర్ స్టార్ట్ చేశాను. రెండుసార్లు కొడితే గానీ అందుకోలేదు.

ఆదివారం సాయంత్రం జానకిరామ్ గారు ఫోన్ చేశారు. "ఆ పసుపు పూర్తిగా పోవాలండి. ఎంత తీసుకుంటారు?"

"పన్నెండు."

"ఎప్పుడిస్తారు?"

"గురువారం."

"సరే," అన్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన బేరమాడలేదు. నాకు గాల్లో తేలినట్టుంది. వెంటనే, "ఉదయ్ తెచ్చి ఇస్తాడు, మళ్ళీ వాడే వచ్చి తీసుకుంటాడు. హాలు పనులన్నీ వాడికే అప్పజెప్పాను," అన్నారు. మళ్ళీ నేల మీదకి వచ్చేశాను.

మూడు రోజులు ఆ కార్పెట్టు మా డాబా మీద ఉంది. రోజూ పొద్దున మంచు ఆరాక పరిచాను, సాయంత్రం గాలి తడెక్కకముందే తీశాను. ఉత్త నీళ్ళతో రెండుసార్లు జాడించాను. గురువారానికి ఎక్కడా పసుపు లేదు. మీగడే.

ఉదయ్ ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. డాబా ఎక్కి చెప్పులు విప్పాడు. కార్పెట్టు మీదకి ఎక్కి కాసేపు నిలబడి, కాలెత్తాడు. మళ్ళీ పెట్టి, మళ్ళీ ఎత్తాడు. నేను పెళ్ళిళ్ళలో చేసిందే చేస్తున్నాడు.

"నేను కడిగినవి అతుక్కుంటాయాండి?" అన్నాడు.

ఈ మాట కోసం ఏడాదిగా కాచుకుని ఉన్నాను. "అతుక్కుంటాయి. ప్రతిదీ," అన్నాను.

"ఊరంతా చెప్పారంట కదండి. బ్యాంకులో చెప్పారు, డాక్టరు గారికి చెప్పారు. మరి నాకెందుకు చెప్పలేదండి?"

వాడి గొంతులో కోపం లేదు. ఉంటే నేనూ కోప్పడి పంపించేద్దును. నిజంగా తెలియక అడుగుతున్నాడు. జవాబు కోసం వెతికాను. నోటికొచ్చేవన్నీ వాడి కోటు గురించీ, బోర్డు గురించీ ఉన్నాయి.

"పౌడరు సగానికి తగ్గించు," అన్నాను చివరికి. "అంతా లాగేశాక, ఉత్త వేడినీళ్ళతో మళ్ళీ ఒకసారి లాగు. ఆ నీళ్ళలో ఒక గ్లాసు వెనిగర్ పొయ్యి. అప్పుడు అతుక్కోదు."

"ఎంతసేపు పడుతుందండి?"

"ఇంకో గంట."

వాడు ఆలోచించాడు. "మూడు గంటలైతే బోర్డు మార్చాలండి. రేటు కూడా రెండ్రూపాయలు పెంచాలి. ఇస్తారంటారా?"

"అతుక్కోకపోతే ఇస్తారు."

"ఆయ్," అని తలూపాడు. కార్పెట్టు చుట్టి, భుజాన వేసుకుని, మెట్లు దిగాడు. మెర్సీ వంటింట్లోంచి వచ్చి, "మంచి పని చేశారండి," అంది. నాకు మంచిగా ఏమీ అనిపించలేదు. ఇంట్లో వస్తువేదో తీసి ఇచ్చేసినట్టుంది.

నెల తర్వాత అదే హాల్లో ఇంకో పెళ్ళికి వెళ్ళాం. భానుగుడి మీద వాడి బోర్డు మారింది, 'మూడే గంటల్లో' అని ఉంది. కోటు మారలేదు. గిఫ్టు పట్టుకుని స్టేజీ మెట్ల దగ్గర చెప్పులు విప్పాను. కార్పెట్టు మీద పాదం పెట్టి, అదిమి, నెమ్మదిగా ఎత్తాను. ఏమీ లేదు. ఇంకో కాలు పెట్టాను. గట్టిగా రుద్దాను. అస్సలు ఏమీ లేదు.

"సార్, ఇటు చూడండి," అన్నాడు ఫొటోగ్రాఫర్.

చూశాను. ఆ ఫొటో కూడా మెర్సీ ఫోన్లో ఉంది. ఈసారి అందరితో పాటు నేనూ కెమెరా వైపే చూస్తున్నాను. నేను తప్ప అందరూ నవ్వుతున్నారు.